పాత కంప్యూటర్ల చరిత్రలోకి దిగాలంటే ఏ మెషీన్‌తో మొదలుపెట్టాలి?

ఇంటి కంప్యూటర్లు, వీడియో గేమ్‌ల తొలి చరిత్ర మీద ఆసక్తి పుట్టినవాళ్లు చాలామంది ఒకే చోట ఆగిపోతారు. 1977 నుంచి 1985 మధ్య అమెరికా, బ్రిటన్, జపాన్‌లలో డజన్ల కొద్దీ మెషీన్లు వచ్చాయి. ఒక్కోదానికీ వీరాభిమానులున్నారు. ఎవర్ని అడిగినా తాము చిన్నప్పుడు వాడిందే గొప్పదంటారు. పాత మెషీన్‌ని ఇవాళ్టి కంప్యూటర్లో నడిపించే ఎమ్యులేటర్లు ఉచితంగా దొరుకుతాయి కదా అని అన్నీ దింపుకుని, ఒక్కోదాన్ని పావుగంట చూసి, ఏదీ ఒంటపట్టక వదిలేసేవాళ్లే ఎక్కువ. ఒక్కటి పట్టుకుని రెండు మూడు నెలలు దాంతోనే ఉండండి. అప్పుడే ఆ కాలం వాసన తెలుస్తుంది. ఆ ఒక్కటీ ఏది అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఏడింటిని తీసుకున్నాను: అటారి 2600, యాపిల్ టూ, ఐబీఎం పీసీ, బీబీసీ మైక్రో, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, కమొడోర్ 64, నింటెండో ఫామికామ్. యాపిల్ టూతో పాటు 1977లోనే వచ్చిన కమొడోర్ పెట్, టీఆర్‌ఎస్-80లకు చరిత్రలో పెద్ద చోటే ఉంది. కానీ వాటిలో రంగులు లేవు, ఆటలు తక్కువ. మొదటి మెషీన్‌గా వాటిని ఎవరికీ చెప్పను.

## ముందు ఏం చూసుకోవాలి

మెగాహెర్ట్జ్‌లు పోల్చుకుంటూ కూర్చోవడం దండగ. ఈ ఏడింటిలో ఐదింటి ప్రాసెసర్ ఒకే వంశానిది. 1975లో ఎంఓఎస్ టెక్నాలజీ అనే కంపెనీ 6502 అనే చిప్‌ని 25 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అప్పటికి ఇంటెల్, మోటరోలా చిప్‌ల ధర దీనికి ఎన్నో రెట్లు. అటారి, యాపిల్, బీబీసీ, కమొడోర్, ఫామికామ్ అన్నింటిలో ఉన్నది ఆ 6502, లేదా దాని తమ్ముళ్లు. బుర్ర ఒకటే అయినా ఈ ఐదింటికీ పోలికే ఉండదు. కాబట్టి తేడా ప్రాసెసర్‌లో లేదు, దాని చుట్టూ ఉన్నవాటిలో ఉంది.

నేనైతే నాలుగు సంగతులు అడుగుతాను. స్విచ్ వేయగానే ఏం కనిపిస్తుంది, బేసిక్ అనే తేలిక భాషలో ప్రోగ్రామ్ రాయడానికి కర్సరా, లేక ఆట పెట్టమని ఎదురుచూసే ఖాళీ తెరా? మెషీన్ మొత్తం ఒక మనిషికి అర్థమయ్యేంత చిన్నదా? దాని చుట్టూ ఉన్న కథ దేనిది, ఆటలదా, వ్యాపారానిదా, చదువుదా? ఇవాళ మన దగ్గర దాన్ని ఎలా సంపాదించాలి?

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఆ రోజుల్లో ప్రతి మెషీన్‌లోనూ ఏదో ఒకటి బాగా తక్కువ పడేది. ఒకదానిలో మెమరీ, ఇంకోదానిలో రంగు, మరోదానిలో శబ్దం. దాన్ని తయారుచేసినవాళ్లు డబ్బు ఎక్కడ మిగుల్చుకున్నారో ఆ కొరతే చెబుతుంది. దానికి ప్రోగ్రామ్‌లు రాసినవాళ్ల తెలివంతా ఆ కొరత చుట్టూనే తిరిగింది. మీరు కూడా రోజూ కుస్తీ పట్టేది దాంతోనే. అందుకే ఏ మెషీన్ గొప్పదని కాకుండా, ఏ కొరతతో కుస్తీ మీకు సరదాగా ఉంటుందో చూసి ఎంచుకోండి.

| మెషీన్ | వచ్చిన ఏడాది | మొదటి ధర | ర్యామ్ | ఆన్ చేయగానే | అసలు కొరత |
|---|---|---|---|---|---|
| అటారి 2600 | 1977 | దాదాపు 200 డాలర్లు | 128 బైట్లు | ఆట క్యాసెట్ (కార్ట్రిడ్జ్) లేకపోతే ఏమీ లేదు | మెమరీ |
| యాపిల్ టూ | 1977 | 1,298 డాలర్లు | 4 కేబీ నుంచి | బేసిక్ | శబ్దం, అదుపులేని రంగులు |
| ఐబీఎం పీసీ | 1981 | 1,565 డాలర్లు | 16 కేబీ నుంచి | బేసిక్, ఫ్లాపీ ఉంటే డాస్ | ఆటలకు పనికొచ్చే హార్డ్‌వేర్ |
| బీబీసీ మైక్రో, బి మోడల్ | 1981 | 335 పౌండ్లు | 32 కేబీ | బేసిక్ | తెరకు పోగా మిగిలే మెమరీ |
| జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ | 1982 | 125 పౌండ్లు | 16 లేదా 48 కేబీ | బేసిక్ | రంగులు |
| కమొడోర్ 64 | 1982 | 595 డాలర్లు | 64 కేబీ | బేసిక్ | బేసిక్‌లో ఆదేశాలు |
| ఫామికామ్ | 1983 | 14,800 యెన్లు | 2 కేబీ | క్యాసెట్ లేకపోతే ఏమీ లేదు | మనం వేలుపెట్టే వీలు |

## అటారి 2600: మెమరీ లేని చోట

128 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లే. ఈ చిన్న పేరా కూడా అందులో పూర్తిగా పట్టదు.

పాత టీవీలో బొమ్మ ఒక్కసారిగా పడదు, పై నుంచి కిందికి గీత తర్వాత గీత పడుతుంది. మామూలు కంప్యూటర్లో తెరంతటికీ సరిపడే బొమ్మ మెమరీలో ఉంటుంది, ఒక చిప్ దాన్ని చదివి టీవీకి పంపిస్తుంది. అటారిలో ఆ మెమరీ పెట్టలేదు, అప్పట్లో అది చాలా ఖరీదు. టీఐఏ అనే చిప్ ఒకటి పెట్టారు. దానికి తెలిసింది ఒక్క గీత. ఆ గీత పడుతుండగానే తర్వాతి గీతలో ఏం ఉండాలో ప్రోగ్రామ్ దానికి అందించాలి. ఒక్కో గీతకు ప్రాసెసర్‌కి దొరికేది 76 సైకిళ్లు, అంటే దాని గడియారం కొట్టే టిక్కులు. అతి చిన్న ఆదేశానికే రెండు సైకిళ్లు ఖర్చు. అంటే గీతకు ఇరవై ముప్పై ఆదేశాలు, అంతే. ఒక్క సైకిల్ లెక్క తప్పితే బొమ్మ పక్కకు జరుగుతుంది, ఇంకా తప్పితే తెరంతా దొర్లుతుంది.

టీఐఏకి తెలిసిన కదిలే బొమ్మలు ఐదు: ఇద్దరు ఆటగాళ్లు, రెండు గుళ్లు, ఒక బంతి. పాంగ్, ట్యాంకుల ఆట ఆడుకుంటే చాలనుకుని చేసిన మెషీన్ అది. దాని మీద 1980లో స్పేస్ ఇన్వేడర్స్ వచ్చింది, తెర మీద ఒకేసారి 36 శత్రువులతో. ఇద్దరు ఆటగాళ్ల బొమ్మల్నీ ఒక్కోటి మూడేసి కాపీలుగా చూపించే సౌకర్యం చిప్‌లో ఉంది. అలా వరుసకు ఆరు. ఆ వరుస అయిపోగానే అవే రెండు బొమ్మల్ని మార్చేసి కింది వరుసకు వాడుకున్నారు. 1982లో డేవిడ్ క్రేన్ రాసిన పిట్‌ఫాల్ అయితే 4 కేబీ క్యాసెట్‌లో 255 తెరల అడవిని కుదించింది. ఆ తెరలు ఎక్కడా దాచిపెట్టి లేవు. ఒక నంబర్ నుంచి తర్వాతి నంబర్ పుట్టే లెక్క ఒకటి ఉంది. చెట్లు, గోతులు, మొసళ్లు ఎక్కడుండాలో ఆ నంబర్‌లోని బిట్లే చెబుతాయి.

వ్యాపార కథ ఇష్టమైనవాళ్లకు కూడా ఇందులో పండగే. ఆట మీద పేరు వేయలేదని, అమ్మకాల్లో వాటా లేదని అలిగిన ప్రోగ్రామర్లు 1979లో బయటికొచ్చి యాక్టివిజన్ పెట్టారు. వేరేవాళ్ల గేమ్ మెషీన్‌కి ఆటలు రాసి అమ్ముకోవడమనే వ్యాపారం అక్కడే పుట్టింది. 1982లో ఈటీ సినిమా ఆటను ఒకే ఒక్క ప్రోగ్రామర్ ఐదారు వారాల్లో పూర్తిచేయాల్సి వచ్చింది. అది అమ్ముడుపోక, ఇంకా చాలా ఆటలు గుట్టలుగా మిగిలిపోయి, 1983లో అమెరికా గేమ్ మార్కెట్టే కుప్పకూలింది. న్యూ మెక్సికోలో పూడ్చిపెట్టిన క్యాసెట్లను 2014లో తవ్వి తీశారు కూడా.

కానీ మొదటి సాయంత్రమే ఏదో ఒక ప్రోగ్రామ్ రాసి తెర మీద చూసుకోవాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు. మెషీన్‌లో బేసిక్ లేదు, రాస్తే ఎక్కువగా అసెంబ్లీలో, అంటే ప్రాసెసర్ ఆదేశాల్ని ఒక్కొక్కటిగా రాయాలి. స్టెల్లా అనే ఉచిత ఎమ్యులేటర్లో గీత గీతకీ ఆపి చూసుకునే డీబగ్గర్ ఉంది, అదే కొండంత అండ. ఊరికే ఆడుకుందామని వస్తే మాత్రం వారంలో బోర్ కొడుతుంది. ఈ ఆటల్ని ఇవాళ ఆడటం కంటే ఎలా చేశారో విప్పి చూడటంలోనే మజా.

## స్పెక్ట్రమ్: రంగులు ఒకదానికొకటి అంటుకునే చోట

1982 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జిలోని సింక్లెయిర్ కంపెనీ దీన్ని తెచ్చినప్పుడు గురి ఒక్కటే, ధర. 125 పౌండ్లకు కంప్యూటర్. అందుకోసం కీబోర్డు రబ్బరుది పెట్టారు. ప్రతి కీకి ఒక పూర్తి బేసిక్ పదం: పీ నొక్కితే ప్రింట్, జే నొక్కితే లోడ్. మొదట్లో చిరాకేస్తుంది. రెండు రోజులకు వేళ్లే దారి పట్టుకుంటాయి. పదాలు ఒక్క అక్షరం తప్పు లేకుండా పడతాయి కాబట్టి కొత్తవాళ్లకు నిజానికి సుళువే.

దీని కొరత తెర మీదే కనిపిస్తుంది. తెరలో అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 192. ప్రతి చుక్కకూ దానికంటూ ఒక రంగు ఇవ్వాలంటే తెరకే 24 కేబీ కావాలి. 16 కేబీ మోడల్‌లో అది కుదిరే పని కాదు. అందుకని తెరను ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు ఉన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి రెండే రంగులు ఇచ్చారు. మొత్తం 6,912 బైట్లలో తెర ముగిసింది. ఫలితం ఏమిటంటే, ఎర్ర చొక్కా మనిషి పచ్చ చెట్టు ముందు నుంచి వెళ్తే చెట్టు కాస్తా ఎర్రబడుతుంది, లేదా మనిషే పచ్చబడతాడు.

ఆటలు రాసినవాళ్లు దీన్ని రకరకాలుగా తప్పించుకున్నారు. 1983లో మాథ్యూ స్మిత్ అనే కుర్రాడు రాసిన మానిక్ మైనర్‌లో ఒక్కో గది రంగుల అమరికే ఆ గళ్ల ప్రకారం ఉంటుంది. 1984లో వచ్చిన నైట్ లోర్ ఆట గదంతా ఒకే రంగులో గీసేసి, ఆ మిగిలిన శ్రమంతా గదిని మూడు కొలతల్లో చూపించడానికి పెట్టింది. ఒక్క చిత్రపటం చూసి ఇది స్పెక్ట్రమ్ ఆట అని చెప్పేయొచ్చు. మిగతా మెషీన్లలో అంత సొంత ముఖం దేనికీ లేదు.

ఆటలు టేప్ క్యాసెట్ల మీద వచ్చేవి. జే నొక్కి, రెండు కొటేషన్ గుర్తులు కొట్టి, ఎంటర్ నొక్కి, టేప్ రికార్డర్ ఆన్ చేస్తే తెర అంచుల్లో ముందు ఎరుపు, లేత నీలి పట్టీలు, ఆ తర్వాత ముదురు నీలం, పసుపు పట్టీలు పరుగెడతాయి. కీచుమని ఒకటే గోల. నాలుగైదు నిమిషాలు గడిచాక ఒక్కోసారి ఎర్రర్. ఎమ్యులేటర్లో దీన్ని వేగంగా దాటేయొచ్చు గానీ, కనీసం ఒక్కసారైనా పూర్తిగా కూర్చుని చూడండి.

మనవాళ్లకు దీనివల్ల ఒక లాభం ఉంది. దీని ప్రాసెసర్ జెడ్80, ఇంటెల్ 8080కి కొనసాగింపు. మనం బీటెక్ ల్యాబులో హెక్స్ కోడ్ కొట్టిన 8085 కూడా ఆ ఇంట్లోదే. ఆదేశాల పేర్లు మారాయి కానీ కోడ్‌లు చాలావరకు అవే. ల్యాబ్ రికార్డు కోసం తప్ప ఎందుకూ పనికిరాదనుకున్న చదువు ఇక్కడ పనికొస్తుంది. పైగా ఇది మన దేశానికి కొత్తేం కాదు. 1980ల్లో డెసిబెల్స్ అనే కంపెనీ డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ పేరుతో ఇక్కడ అమ్మింది.

## కమొడోర్ 64: అన్నీ ఉన్నా అడిగే భాష లేని చోట

అంకెల్లో చూస్తే ఇది అందరికంటే ధనవంతురాలు. 64 కేబీ మెమరీ, ఎనిమిది స్ప్రైట్లు (తెర మీద విడిగా కదిలే బొమ్మలు), 16 రంగులు, తెరను మెత్తగా జరిపే హార్డ్‌వేర్. వీటన్నిటికీ మించి బాబ్ యానెస్ రూపొందించిన సిడ్ అనే సౌండ్ చిప్. మూడు గొంతులు, వాటికి ఒక ఫిల్టర్. మిగతావి బీప్ కొడుతున్న రోజుల్లో ఇది సంగీతం వాయించింది. రాబ్ హబ్బర్డ్, మార్టిన్ గాల్వే లాంటివాళ్లు ఆ మూడు గొంతులతో కట్టిన ట్యూన్ల కోసమే జనం ఆటలు కొన్నారంటే అతిశయోక్తి కాదు.

ఇన్ని ఉన్నా, లోపల పెట్టిన బేసిక్‌లో గీత గీయడానికి ఆదేశం లేదు, శబ్దం చేయడానికీ లేదు. పాత మోడళ్ల బేసిక్‌నే తెచ్చి ఇందులో పెట్టేశారు. మరి తెర అంచు నల్లగా కావాలంటే? పోక్ 53280, 0 అని కొట్టాలి. తెర మధ్య భాగానికి 53281. అలా ప్రతి పనికీ ఒక చిరునామా. ఇక్కడ నేర్చుకోవడమంటే ఆ చిరునామాలతో పరిచయం పెంచుకోవడమే. ఇది కష్టమే, కానీ పనికొచ్చే కష్టం. మెమరీలో ఒక చోట ఒక అంకె వేస్తే హార్డ్‌వేర్ కదులుతుందన్న సంగతి మొదటి గంటలోనే వేళ్లకు తెలిసిపోతుంది. ఎంబెడెడ్ పని చేసేవాళ్లు రోజూ చేసేది అదే కదా.

దీని వెనక ఉన్నది కమొడోర్ వ్యవస్థాపకుడు జాక్ ట్రామియెల్ బేరం. కమొడోర్ 1976లోనే ఎంఓఎస్ టెక్నాలజీని కొనేసింది. చిప్‌లు సొంత ఫ్యాక్టరీవి కాబట్టి ధర ఎంతకైనా దించగలిగింది. 595 డాలర్ల మెషీన్ 1983కల్లా 200 దరిదాపులకు వచ్చింది. ఆ ధరల పోరులో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అంతటి కంపెనీ ఇంటి కంప్యూటర్లు మానుకుంది. 1994 దాకా తయారైన ఈ మోడల్, ప్రపంచంలో ఎక్కువ అమ్ముడైన ఒకే మోడల్ కంప్యూటర్‌గా పేరు తెచ్చుకుంది. చవకలో ఎక్కడ దొరికిపోయిందంటే, ఫ్లాపీ డ్రైవ్‌లో. సెకనుకు అర కిలోబైటు కూడా రాదు.

ఆటలు ఆడటం, సంగీతం, కొద్దిగా ప్రోగ్రామింగ్, మూడూ కావాలంటే దీనికి మించింది లేదు. వైస్ అనే ఎమ్యులేటర్ ఉచితం, ఇప్పటికీ కొత్త ఆటలు వస్తూనే ఉన్నాయి. కానీ మెషీన్ పెద్దది. అటారిని గుప్పిట్లో పట్టినట్టు దీన్ని పట్టలేం.

## బీబీసీ మైక్రో: పిల్లల కోసం చూసేవాళ్లు ఇక్కడ ఆగండి

బ్రిటన్ ప్రసార సంస్థ బీబీసీ జనానికి కంప్యూటర్ నేర్పే టీవీ కార్యక్రమం తలపెట్టి, దానికి తోడుగా ఒక మెషీన్ కావాలంది. కేంబ్రిడ్జిలోని ఏకార్న్ కంపెనీకి ఆ పని దక్కింది. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ ఇందులో ముఖ్యులు. ఈ మెషీన్ మన దేశానికీ వచ్చింది. 1984లో కేంద్ర ప్రభుత్వం బడుల్లో కంప్యూటర్ చదువు కోసం మొదలుపెట్టిన క్లాస్ పథకానికి ఎంచుకున్నది బీబీసీ మైక్రోలనే. అప్పట్లో బడిలో ఏసీ గదిలో, చెప్పులు బయట విడిచి వెళ్లి చూసిన కంప్యూటర్ గుర్తున్నవాళ్లు ఈ ఎమ్యులేటర్ ఒకసారి తెరిచి చూడండి, అదే కావచ్చు.

దీని బేసిక్ ఆ కాలానికి చాలా ముందుంది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకించే గోటూ ఆదేశాలతో చిక్కుపడకుండా, ప్రోగ్రామ్‌ని ప్రొసీజర్లు అనే ముక్కలుగా పేరు పెట్టి రాసుకోవచ్చు. అంతకంటే మేలు, బేసిక్ ప్రోగ్రామ్ మధ్యలోనే అసెంబ్లీ రాసేయొచ్చు, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. నేర్చుకునేవాళ్లకు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు ఇంత సాఫీగా ఎక్కించే మెషీన్ ఈ ఏడింటిలో ఇంకొకటి లేదు.

కొరత మెమరీ. ఉన్నదే 32 కేబీ, మంచి గ్రాఫిక్స్ మోడ్ పెడితే అందులో 20 కేబీ తెరే తినేస్తుంది. 1984లో డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు విద్యార్థులు ఇందులోనే ఎలైట్ అనే అంతరిక్ష వ్యాపారం ఆట ఇరికించారు. ఎనిమిది గెలాక్సీలు, ఒక్కోదానిలో 256 గ్రహ వ్యవస్థలు. పేర్లు, ధరలు అన్నీ లెక్కలోంచి పుట్టినవే. తెర పైభాగం నలుపు తెలుపు మోడ్‌లో, కింద కంట్రోల్ ప్యానెల్ రంగుల మోడ్‌లో ఉంటాయి. టీవీ గీత సరిగ్గా ఆ చోటికి రాగానే ప్రోగ్రామ్ మోడ్ మార్చేస్తుంది. మెమరీ మిగిలింది, రంగులూ దక్కాయి.

విల్సన్, ఫర్బర్ ఆ తర్వాత చేసిన ప్రాసెసర్ ఏఆర్‌ఎం. 1985లో తొలి చిప్ వచ్చినప్పుడు దాన్ని బీబీసీ మైక్రోకి తగిలించే పరీక్షించారు. మీ జేబులో ఫోన్ నడుస్తున్నది ఆ వంశం చిప్ మీదే. మొత్తానికి ఆటల సంఖ్యలో కమొడోర్‌తో, స్పెక్ట్రమ్‌తో ఇది పోటీపడలేదు. ఆ ఆశతో రాకండి.

## యాపిల్ టూ, ఐబీఎం పీసీ: డబ్బున్నవాళ్ల దారి

1,298 డాలర్లు 1977లో చిన్న మొత్తం కాదు, అదీ 4 కేబీ మెమరీకి. పూర్తి 48 కేబీ కావాలంటే 2,638. దీన్ని రూపొందించిన స్టీవ్ వోజ్నియాక్ చిప్‌లు మిగల్చడంలో ఘనుడు. ఆ పొదుపు వల్ల తెర మీద రంగులు అడిగినట్టు రావు, పక్క చుక్కను బట్టి మారిపోతుంటాయి. శబ్దానికి చిప్పే లేదు. మెమరీలో ఒక చిరునామాను తాకితే స్పీకర్ ఒకసారి టక్కుమంటుంది. సంగీతం కావాలా? సెకనుకు వందలసార్లు లెక్కపెట్టి తాకుతూ ఉండండి. కానీ మూత తీస్తే ఎనిమిది స్లాట్లు, ఎవరైనా కార్డు చేసి గుచ్చుకోవచ్చు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్‌ల విసికాల్క్ అనే లెక్కల పట్టికల ప్రోగ్రామ్ (స్ప్రెడ్‌షీట్) వచ్చాక లెక్కలు చూసుకునేవాళ్లు ఆ ఒక్క ప్రోగ్రామ్ కోసం మెషీన్ కొన్నారు. కంప్యూటర్ ఆఫీసు సామాను అయింది అక్కడే.

మనం ప్రిన్స్ అని పిలుచుకున్న ప్రిన్స్ ఆఫ్ పర్షియా మొదట వచ్చింది కూడా యాపిల్ టూ మీదే, 1989లో. జోర్డన్ మెక్‌నర్ తన తమ్ముడు పరుగెత్తుతుంటే వీడియో తీసి, ఒక్కో ఫ్రేమ్ చూసి గీసుకున్నాడు. ఆ కదలికలకే మెమరీ అంతా అయిపోయింది, శత్రువులకు చోటు లేదు. అప్పుడు హీరో బొమ్మనే ఒక చుక్క పక్కకు జరిపి దాని మీదే కలిపితే మెరిసే నీడ మనిషి ఒకడు పుట్టాడు. అద్దంలోంచి దూకి వచ్చే ఆ నీడ మెమరీ చాలక వచ్చినవాడే! పోయిందనుకున్న సోర్స్ కోడ్ 2012లో దొరికింది, అందరూ చదువుకోవడానికి పెట్టేశారు. యాపిల్ ఎంచుకోవడానికి నా దృష్టిలో ఇదే పెద్ద కారణం.

ఐబీఎం పీసీ గురించి ఎక్కువ చెప్పను. 1981 ఆగస్టు 12న వచ్చింది, బయట దొరికే భాగాలతోనే చేశారు. కాంపాక్ లాంటివాళ్లు దాన్ని చూసి కాపీ మెషీన్లు చేశారు, చివరికి ఆ కాపీలే ప్రపంచమంతా నిండాయి. ఆటలకు మాత్రం తొలి పీసీ దండగ. నాలుగు రంగుల తెర, బీప్ కొట్టే స్పీకర్. అయినా 90ల్లో మన ఊళ్లలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో సార్ లేనప్పుడు డేవ్, ప్రిన్స్ ఆడినవాళ్లకి, కాలేజీలో టర్బో సీ నీలం తెర మీద బొమ్మలు గీసినవాళ్లకి ఇది సొంతిల్లే. డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్ వేసుకుంటే చాలు, కొత్తగా నేర్చుకోవాల్సింది దాదాపు లేదు. అందుకే కొత్త లోకం చూడాలనుకునేవాళ్లకు దీన్ని సిఫార్సు చేయను.

## ఫామికామ్: అందరికీ తెలిసిందే, లోపల ఎవరికీ తెలియదు

90ల్లో మన బజార్లలో టీవీ గేమ్ పేరుతో అమ్మినవి, గంటకింత అని అద్దెకు ఆడించినవి చాలావరకు నింటెండో ఫామికామ్‌కి నకళ్లు. మారియో, కాంట్రా ఆ దారినే మన ఇళ్లకు వచ్చాయి. 999999 ఇన్ 1 అని రాసి ఉన్న క్యాసెట్‌లో అసలు ఆటలు లెక్కపెడితే పట్టుమని పది ఉండవు, అది వేరే సంగతి.

1985 సెప్టెంబరులో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కేబీ. అందులో మేఘాల్ని, పొదల్ని జాగ్రత్తగా చూడండి. రెండింటి ఆకారం ఒకటే, రంగు మార్చారంతే. తెరంతా చిన్న చిన్న టైల్స్‌తో కట్టిందే కాబట్టి ఒకే టైల్‌ని ఎన్ని చోట్ల వాడితే అంత చోటు మిగిలినట్టు. ఒక గీత మీద ఎనిమిదికి మించి స్ప్రైట్లు పట్టవు. అందుకే కాంట్రాలో శత్రువులు గుమిగూడగానే బొమ్మలు మిణుకుమిణుకుమనేవి.

1983 పతనం తర్వాత అమెరికాలో అడుగుపెట్టేటప్పుడు నింటెండో ఫామికామ్‌కి అక్కడి రూపమైన ఎన్‌ఈఎస్‌లో తాళం చిప్ పెట్టింది. అనుమతి లేని క్యాసెట్ నడవదు. అటారిని ముంచిన చెత్త ఆటల వరదకు అది ఆనకట్ట. ఆ మూసిన తలుపే ఈ మెషీన్ కొరత. మెషీన్‌లో రాయడానికి ఏమీ లేదు, ఆడటమే. ఇవాళ రాయాలంటే పీసీ మీద అసెంబ్లీలోనో, సీసీ65 కంపైలర్‌తో సీలోనో రాసి ఎమ్యులేటర్‌లో చూసుకోవాలి. అటారితో పోలిస్తే సుఖమే, ఎందుకంటే ఇక్కడ గీత గీతకీ పరుగెత్తక్కర్లేదు.

## ఎవరికి ఏది

పదేళ్ల పాపకో బాబుకో ప్రోగ్రామింగ్ రుచి చూపించాలంటే బీబీసీ మైక్రో. బ్రౌజర్‌లోనే నడిచే ఎమ్యులేటర్లున్నాయి, ఇన్‌స్టాల్ చేసే టెన్షన్ కూడా లేదు. పిల్లలు గంటలో ఆటలే కావాలని గొడవ చేస్తే స్పెక్ట్రమ్‌కి మారండి. రెండూ ఒకేసారి మాత్రం ముందు పెట్టకండి.

ఇంజినీరింగ్ చదువుతూ, హార్డ్‌వేర్ మీద పట్టు కావాలనుకునేవాళ్లకు అటారియా కమొడోరా అన్నది నిజంగా తేల్చుకోవాల్సిన విషయం. ఓపిక ఉండి, చిన్నదాన్ని పూర్తిగా నేర్చుకుంటే చాలనుకుంటే అటారి. వారం వారం కొత్తది ఏదో ఒకటి తెర మీద కదలకపోతే ఉత్సాహం పోయే మనిషైతే కమొడోర్. సగం మంది తమను తాము మొదటి రకం అనుకుంటారు. నిజానికి రెండో రకం. సందేహముంటే కమొడోరే.

కోడ్ అక్కర్లేదు, కథ చాలు అనుకునే చదువరులకు అటారి, యాపిల్ రెండిట్లో ఒకటి. అటారిలో ఒక కంపెనీ ఎదగడం, కూలడం మొత్తం ఆరేళ్లలో చూడొచ్చు. యాపిల్ కథ నెమ్మది, కానీ ఇవాళ్టి ఆఫీసు కంప్యూటర్ దాకా తీసుకొస్తుంది.

మారియో జ్ఞాపకాలతో వచ్చిన నలభై ఏళ్లవాళ్లు ఫామికామ్‌తోనే మొదలుపెట్టండి, తప్పేం లేదు. కాకపోతే ఈసారి ఆట కాకుండా, మెసెన్ లాంటి ఎమ్యులేటర్లో టైల్స్ చూపించే కిటికీ తెరిచి పక్కన పెట్టుకుని ఆడండి. పాత ఆటే కొత్తగా కనిపిస్తుంది.

## కొనాలా, ఎమ్యులేటర్ చాలా?

ముందు ఎమ్యులేటర్ చాలు. ఎమ్యులేటర్ ఉచితమైనా ఆటలకు కాపీరైట్ ఉంటుంది, ఆ సంగతి మరవకండి. స్పెక్ట్రమ్‌కి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. 1986లో సింక్లెయిర్ కంప్యూటర్లను కొన్న ఆమ్‌స్ట్రాడ్, మెషీన్‌లో ముందే నింపి ఉండే రోమ్ సాఫ్ట్‌వేర్‌ని ఎమ్యులేటర్లతో పంచుకోవడానికి ఒప్పుకుంది.

చేతికి తగిలేది ఏదైనా కావాలంటే కొత్తగా చేసిన నకళ్లున్నాయి, నేరుగా హెచ్‌డీఎంఐతో టీవీకి తగిలించుకోవచ్చు. 2018 నాటి కమొడోర్ మినీలో కీబోర్డు ఉత్త బొమ్మ, ప్రోగ్రామ్ రాయాలంటే యూఎస్‌బీ కీబోర్డు పెట్టుకోవాలి. 2024లో వచ్చిన స్పెక్ట్రమ్ నకలుకి నిజమైన రబ్బరు కీలున్నాయి. 2023 నాటి అటారి 2600 ప్లస్ పాత క్యాసెట్లను కూడా ఆడిస్తుంది. వీటి ధరకు కొరియర్, కస్టమ్స్ సుంకం కలుపుకుని చూసుకోండి.

అసలు పాత మెషీనే కావాలంటే బ్రిటన్‌వి మనకు తేలిక, వాటి కరెంటు, టీవీ పద్ధతి మన లాంటివే. అమెరికావి 110 వోల్టులు, ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, తెలియక ప్లగ్ పెడితే అంతే సంగతులు. మన పాత టీవీ గేమ్ క్యాసెట్లు 60 పిన్నులవి, అమెరికా ఎన్‌ఈఎస్‌వి 72. ఒకదాంట్లో ఒకటి పట్టవు. స్పెక్ట్రమ్ కీబోర్డు కింది పొర ఏళ్ల తరబడి ఎండి పగిలిపోయి ఉంటుంది, కొత్తది దొరుకుతుంది. బీబీసీ మైక్రో పవర్ సప్లైలో పాత ఫిల్టర్ కెపాసిటర్లు పొగ వదులుతాయి, ముందే మార్పించండి. కమొడోర్ 64 పాత అడాప్టర్ అన్నింటికంటే ప్రమాదం. అది పాడైతే 5 వోల్టుల లైన్‌లో ఎక్కువ వోల్టేజీ వదిలి లోపలి మెమరీ చిప్‌లను మాడ్చేస్తుంది. అమ్మేవాళ్లు ఆన్ చేసి చూపిస్తామంటే, కొత్త అడాప్టర్ తెచ్చుకునే దాకా ఆగమనండి.